మెరక అనే విదేశం

అక్టోబరు 21. గాలి ఈశాన్యం నుంచి, మోస్తరు. లంగర్లు ఆరు. నీటి వంతు: తూర్పు వరసలకి ఉదయం, పడమటి వరసలకి మధ్యాహ్నం.

ఈ లాగ్ రాస్తున్నది మల్లాడి వరహాలు, మెరక గణరాజ్య విదేశాంగ కార్యదర్శి. నీటి పంపకం కూడా నాదే. మంగళవారాలు తెప్పల అడుగున పట్టిన గుల్లలు గోకే వంతు కూడా నాదే. మూడు వందల ఎనభై ఆరుగురున్న దేశంలో ఎవరికీ ఒక్క ఉద్యోగంతో సరిపోదు.

మెరక అని పేరు పెట్టుకున్నాం గానీ మా దేశంలో అందరికన్నా ఎత్తైన చోటు నీళ్ళ ట్యాంకు నిచ్చెన. తాతల నాటి ఊళ్ళు సముద్రం కింద ఉన్నాయి, మేం వాటి మీద తేలుతున్నాం.

ఇవాళ తూర్పులంక నుంచి ఉత్తరం వచ్చింది. తూర్పులంక మా పొరుగు దేశం, మూడు కిలోమీటర్ల దూరం. పదకొండేళ్ళ కిందటి దాకా మేమూ వాళ్ళూ ఒకే తేలే ఊరు. చేపలు ఎండబెట్టే డెక్కు గాలికి ఏ వైపున ఉండాలన్న దగ్గర మాట పెరిగింది. మేం రెండు వందల పన్నెండు తెప్పలు బోల్టులు విప్పుకుని ఇవతలికి వచ్చేశాం. వాళ్ళ మ్యాపుల్లో మేం ఇప్పటికీ తూర్పులంకలో ఒక భాగమే, "తాత్కాలికంగా స్థానంలో లేనిది" అని పక్కన రాసుకుంటారు.

ఉత్తరం రెండు దేశాల నడిమధ్య తేలే బోయాకి కట్టిన డబ్బాలో పెట్టి పోతారు. మొదటి వరస ఎప్పటిలాగే: "పదహారు డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర తేలుతున్న వ్యక్తులకు." విషయం: మా ఎండుచేపల వాసన. చివరి వరస: "ఈ లేఖ రాసినంత మాత్రాన మిమ్మల్ని దేశంగా గుర్తించినట్టు కాదు."

నేనూ వెంటనే జవాబు రాశాను. వాసన గాలిది, గాలికి జాతీయత లేదన్నాను. "ఈ జవాబు ఇచ్చినంత మాత్రాన మీ లేఖ మాకు అందినట్టు కాదు" అని ముగించాను.

వాళ్ళ ఉత్తరంలో దస్తూరీ మాణిక్యం వదినది. ఓలేటి రత్నమాణిక్యం, తూర్పులంక ఒప్పందాల అధికారిణి. విడిపోక ముందు ఇద్దరం ఊరి వంటశాలలో పక్కపక్కన కూచుని రొయ్యలు ఒలిచేవాళ్ళం. ఇప్పుడు అంతర్జాతీయ సంబంధాలు నడుపుతున్నాం.

అక్టోబరు 26. గాలి తగ్గింది. లంగర్లు ఐదు.

పొద్దున్నే నాలుగో లంగరు గొలుసు తెగింది. చప్పుడు కూడా రాలేదు. పడమటి వరసల్లో ఇడ్లీ పళ్ళేలు కాస్త పక్కకి జారాయి, అంతే. మా అధ్యక్షుడు నాగిడి సింహాద్రి బాబాయి స్వయంగా నీళ్ళలోకి దిగి మిగతావి చూసి వచ్చాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, దిగొద్దంటే వినడు.

"ఎలా ఉన్నాయి బాబాయ్?"

"మూడు బాగున్నాయి. ఒకటి తుప్పు. ఇంకోటి దేవుడి దయ."

సముద్ర దేశాల రిజిస్ట్రీకి కొత్త గొలుసుల కోసం మళ్ళీ వైర్‌లెస్ పెట్టాను. వాళ్ళ జవాబు నాకు కంఠతా వచ్చు. పొరుగు దేశం ఒక్కటైనా గుర్తించని దేశానికి రిజిస్ట్రీ సామాను ఇవ్వడం నిబంధనలకి విరుద్ధం. మాకున్న పొరుగు ఒక్కటే. ఈసారి చివర్లో ఒక వాక్యం కలిపారు: అండమాన్ దగ్గర అల్పపీడనం ఏర్పడింది, జాగ్రత్త. సామాను ఇవ్వలేదు గానీ సమాచారం ఇచ్చారు. దానికి గుర్తింపు అక్కర్లేదు కాబోలు.

అక్టోబరు 28. గాలి లేదు. అదే భయంగా ఉంది.

మంత్రివర్గం సమావేశమైంది. ఐదుగురం, రెండు బుట్టల రొయ్యలు. చేతులు ఖాళీగా ఉంటే మాటలు ఎక్కువవుతాయని బాబాయి నమ్మకం.

తూర్పులంకకి చుట్టూ రాతికట్ట ఉంది. దాని లోపల మా దేశం మొత్తం పట్టేంత చోటుంది, మేం విడిపోయి వచ్చిన చోటే అది. తుఫానుకి ముందు లోపలికి చేరితే బతుకుతాం. అడగడం ఎలాగన్నదే ప్రశ్న.

"ఆపదలో ఉన్న ఓడకి ఏ రేవైనా తలుపు తియ్యాలి. చట్టంలో ఉంది. మనం ఓడ అని రాస్తే చాలు," అన్నాను.

బాబాయి రొయ్యని పక్కన పెట్టాడు. "పదకొండేళ్ళు దేశంగా ఉండి, ఒక్క తుఫానుకి పడవైపోతామా?"

"తుఫాను వెళ్ళాక మళ్ళీ దేశమవుదాం."

"ఒకసారి ఓడ అని సంతకం పెట్టామంటే ఆ కాగితం కోర్టుకో పక్క, రిజిస్ట్రీకో పక్క తిరుగుతానే ఉంటది. ఓడకి జెండా ఇచ్చే దేశం కావాలి. మన జెండాని ఎవరు ఒప్పుకున్నారని? అప్పుడు మనం జెండా లేని ఓడ. జెండా లేని ఓడని ఎవడైనా పట్టుకోవచ్చు. నువ్వే చెప్పావు ఆమధ్య."

నిజమే, నేనే చెప్పాను. ఎప్పుడో చెప్పిన పాఠం ఆయన ఇంత బాగా గుర్తుంచుకున్నందుకు ఆ క్షణంలో నాకేమీ సంతోషం కలగలేదు.

ఓడ అనకుండా, దేశం అనకుండా ఉత్తరం రాశాను. "మేము" అని రాశాను. ఆ "మేము" పక్కన ఏం పెట్టాలో తెలియక గంట కూచున్నాను.

అక్టోబరు 30. లంగర్లు ఐదు. తుఫానుకి పేరు పెట్టారట. పేరు పెడితే నిజమైపోయినట్టు ఉంటుంది.

జవాబు వచ్చింది. ఈసారి కింద సంతకం తూర్పులంక మండలి సభ్యుడు కొల్లాటి అప్పలస్వామిది. విడిపోయిన నాడు మా బోల్టు విప్పే రెంచీలు దాచేసిన మనిషి. రెండు దారులు చూపించాడు. తూర్పులంకలో భాగంగా తిరిగి చేరినట్టు ప్రకటించాలి, లేదా ఓడగా నమోదు చేసుకోవాలి.

మధ్యాహ్నం నడిమధ్య బోయా దగ్గర మాణిక్యం వదినతో సమావేశం. ఆవిడ పడవ వాళ్ళ నీళ్ళలో, నా పడవ మా నీళ్ళలో. ముందు అధికారికంగా మాట్లాడుకున్నాం.

"మండలి వైఖరిలో మార్పు లేదండి," అంది వదిన.

"గణరాజ్యం వైఖరిలోనూ మార్పు లేదండి."

"సరే. అధికారికం అయిపోయింది." ఫైలు మూసి ఒళ్ళో పెట్టుకుంది. "వరహాలూ, పిల్లలెంతమంది ఉన్నారే మీ దగ్గర?"

"నలభై ముగ్గురు."

పడవలు రెండూ ఒకదానికొకటి కొట్టుకున్నాయి, ఒక క్షణం ఇద్దరం సరిహద్దు ఉల్లంఘించాం.

"దేశానికి గుర్తింపు కావాలి. ఓడకి జెండా కావాలి. మనిషికి ఏం అక్కర్లేదు," అంది. "సముద్రంలో ఆపదలో ఉన్నవాణ్ణి ఏ దేశమని అడక్కుండా ఎక్కించుకోవాల్సిందే. అప్పలస్వామి కాదన్నా కుదరదు. మనుషుల్ని పంపించు. రేవులో నేనుంటాను."

"ఇళ్ళు? సముద్రపు నీళ్ళల్లో ఉప్పు తీసే యంత్రం?"

"యంత్రం మనిషి కాదు కదే."

తిరిగొచ్చి బాబాయికి చెప్పాను. పిల్లల్ని పంపడానికి వెంటనే ఒప్పుకున్నాడు. తను మాత్రం కదలనన్నాడు. దేశమంటే చోటూ, జనం, పాలించేవాళ్ళూ, పొరుగుతో మాట్లాడగలిగే నోరూ ఉండాలి. నాలుగోది ఎలాగూ సందేహమే. మూడూ ఖాళీ చేసి వెళ్ళిపోతే తిరిగొచ్చేసరికి ఇది కొట్టుకొచ్చిన చెక్కల గుంపు, పట్టుకున్నవాడిది. ఆయన లెక్క అది. పంపులు నడిపేందుకు కూడా మనుషులు కావాలి.

నేనూ ఉంటానన్నాను. ధైర్యమని కాదు. లాగ్ ఎవరు రాస్తారు?

నవంబరు 2. గాలి తూర్పు నుంచి, గట్టిగా. లంగర్లు నాలుగు.

తుఫాను అనుకున్నదానికి ఒకరోజు ముందే తిరిగింది. తెల్లవారినప్పటి నుంచి ఆరు పడవల్లో జనాన్ని దాటించాం. మూడు వందల యాభై ఐదుగురు వెళ్ళారు. మేం ముప్పై ఒక్కరం మిగిలాం. రేవులో మాణిక్యం వదిన చెప్పినట్టే ఉంది. తడిసిన చీరతో నిలబడి ఒక్కొక్కరినీ చెయ్యిపట్టి దింపుకుందని పడవలవాళ్ళు చెప్పారు. పక్కనే అప్పలస్వామి గొడుగు పట్టుకుని, దేశం పేరు అడగనిదే ఎలాగని గొణుగుతున్నాడట. ముసలమ్మ ఒకావిడ ఆయన గొడుగు కిందికే వెళ్ళి నిలబడిందట. ఇంక ఏం అడుగుతాడు?

నవ్వుకున్నాం. తర్వాత పంపులు చూసుకున్నాం. పడమటి వరసల్లో మోకాలి లోతు నీళ్ళున్నాయి.

నవంబరు 3. లంగర్లు ఉదయం మూడు, పదింటికి రెండు.

ఇది తర్వాత రాస్తున్నాను. అప్పుడు చేతులు ఖాళీ లేవు.

పదిన్నరకి వానలోంచి ఒక చిన్న పడవ వచ్చింది. అందులో మాణిక్యం వదిన, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన వైర్‌లెస్, రెండు చీరల మూట. తాడు విసరమని అరిచింది. విసిరాం. మా డెక్కు అంచు దగ్గర ఒక్క క్షణం ఆగింది. పదకొండేళ్ళలో తూర్పులంక అధికారి ఎవరూ ఇటు కాలుపెట్టలేదు. ఆవిడ పెట్టింది. పెట్టి, జారి, కూలబడింది.

"వదినా, నీకేమైనా పిచ్చా? వెనక్కి వెళ్ళడానికి కూడా ఉండదు ఇప్పుడు!"

"అందుకే వచ్చాను," అని వైర్‌లెస్ తీసింది. గొంతు సవరించుకుని ఉత్తరాలు రాసే గొంతులోకి మారింది.

"తూర్పులంక మండలికి. నేను ఓలేటి రత్నమాణిక్యం, ఒప్పందాల అధికారిణి. ప్రస్తుతం తుఫానులో తెప్పల మీద ఉన్నాను. లంగర్లు తెగుతున్నాయి. తిరిగి పడవ ఎక్కడం సాధ్యం కాదు. విధుల్లో ఉన్న అధికారి ఆపదలో ఉంటే కాపాడే బాధ్యత మండలిది, సేవా నిబంధనలు, పద్నాలుగో సెక్షను. నేను నిలబడి ఉన్నదాన్ని వదిలి రాలేను. కాబట్టి దీన్ని లాక్కురండి. ఉంటాను."

అవతల చాలాసేపు గరగరలు. తర్వాత అప్పలస్వామి గొంతు. ఆయనన్నది ఇక్కడ రాయను, ఇది ప్రభుత్వ పత్రం.

ఇంకో గంటంబావుకి రెండు టగ్గులొచ్చాయి, ఓడల్ని లాగే పడవలు. తాళ్ళు కట్టడానికి ముప్పై ఒక్కరం పొట్టల మీద పాకాం. లాగుతుంటే దేశం మొత్తం మూలిగింది. రాతికట్ట మూతి దగ్గర వెనకనుంచి ఒక అల లేచి చేపలు ఎండబెట్టే డెక్కుని మొత్తంగా తీసుకుపోయింది. మా చివరి లంగరు గొలుసుని తెప్పకి కట్టిన తాడు బాబాయే గొడ్డలితో నరికాడు, లేకపోతే అది మమ్మల్ని వెనక్కి లాగేది. నరికి, గొడ్డలి పట్టుకునే ఏడ్చాడు. వదిన నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి.

రెండు గంటల వేళకి కట్ట లోపలికి వచ్చాం. లోపల నీళ్ళు కదలటం లేదు. ఒడ్డున మా పిల్లలు వరసగా నిలబడి అరుస్తున్నారు. ముప్పై ఒక్కరం ఉన్నాం. లెక్క రెండుసార్లు పెట్టాను. వదినతో ముప్పై ఇద్దరం.

నవంబరు 6. గాలి పడమటి నుంచి, చల్లగా. లంగర్లు లేవు. తూర్పులంకకి ఎనిమిది తాళ్ళతో కట్టుకుని ఉన్నాం.

మాణిక్యం వదినని సస్పెండ్ చేశారు. అభియోగ పత్రం అప్పలస్వామి స్వయంగా రాశాడు. తుఫానులో రెండు టగ్గుల్నీ, పద్నాలుగు మంది మనుషుల్నీ ప్రమాదంలోకి లాగిందన్న కోపం ఆయనది. ఆ కోపం అబద్ధం కాదు. ఒక టగ్గు మనిషికి చెయ్యి విరిగింది. నేను వెళ్ళి పలకరించి వచ్చాను.

అభియోగం కాపీ రేవు బోర్డు మీద అంటించారు. "తూర్పులంక అధికారిణి అయివుండి, ముందస్తు అనుమతి లేకుండా విదేశ భూభాగంలో ప్రవేశించుట." శిక్ష: మూడేళ్ళ జైలు వరకు, ఉద్యోగం నుంచి తొలగింపు.

మూడుసార్లు చదివాను. మూడోసారి "విదేశ" అన్న మాట దగ్గర ఆగిపోయాను. నవ్వొచ్చింది. వెంటనే ఆగిపోయింది.

వదిన ఇంటికి పరిగెత్తాను. గుమ్మంలో కూచుని తడిసిన ఫైళ్ళు ఎండబెడుతోంది.

"వదినా, కోర్టులో ఒక్క మాట చెప్పు చాలు. మెరక విదేశం కాదు, మీ మ్యాపు ప్రకారం మీ భాగమే అను. నేరమే ఉండదు."

"నాకు తెలీదనుకున్నావా? ఆ మ్యాపు పక్కన రాసే మాట నేనే రాశాను."

"మరి అలా చెప్పెయ్."

"చెప్తే మీ దేశం ఉండదు."

"వద్దులే! మనుషులం బతికాం కదా. నిన్ను జైల్లో పెట్టి మాకో దేశమా? బాబాయిని కూడా అడిగాను, ఆయనా అదే అన్నాడు." అది అబద్ధం, అప్పటికింకా అడగలేదు. తర్వాత అడిగితే, ఒక నిమిషం నీళ్ళ వైపు చూసి, ఆయన నిజంగానే అదే అన్నాడు.

వదిన ఒక కాగితం తిరగేసింది. "పదకొండేళ్ళుగా లేనివాళ్ళకి ఉత్తరాలు రాస్తున్నాను వరహాలూ. లేనివాళ్ళు జవాబులిస్తున్నారు, అదీ పొగరుగా. మొన్న ఆ డెక్కు అంచున కాలు పెట్టేటప్పుడు భయమేసింది. సొంతూళ్ళో అడుగు పెట్టేవాళ్ళకి అలా భయమెయ్యదు. అది వేరే దేశమే. కోర్టులో అబద్ధం చెప్పను."

నవంబరు 14. గాలి లేదు. కోర్టు పదింటికి.

మా వాళ్ళు రెండు వందల మంది వచ్చారు. హాల్లో పట్టక కిటికీల దగ్గర నిలబడ్డారు. న్యాయమూర్తి పోలినాటి భ్రమరాంబ గారు. సన్నటి మనిషి, నెమ్మదైన గొంతు. అభియోగం చదివి అడిగారు:

"ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటానండి," అంది వదిన.

కోర్టు నియమించిన కుర్ర వకీలు గబుక్కున లేచాడు. "అమ్మా, అవసరం లేదండి! అధికారిక మ్యాపు ప్రకారం మెరక మన భాగమే. అది విదేశం కాదు. కాబట్టి ఈవిడ విదేశానికి వెళ్ళలేదు!"

"ఆయన్ని కూచోమనండి," అంది వదిన. "నేను విదేశానికే వెళ్ళాను."

అప్పుడు అప్పలస్వామి మొహం చూశాను. తను రాసిన మాట తనకి ఇప్పుడే వినిపించినట్టుంది. లేచి, అభియోగంలో చిన్న అక్షరదోషం ఉందనీ, వెనక్కి తీసుకుని మళ్ళీ రాస్తామనీ అన్నాడు.

"ముద్దాయి నేరం ఒప్పుకున్నాక వెనక్కి తీసుకోవడం మీ చేతుల్లో లేదండి," అన్నారు న్యాయమూర్తి. "అయితే ఒప్పుకున్నంత మాత్రాన సరిపోదు. అది విదేశమో కాదో కోర్టు తేల్చుకోవాలి. సాక్షి ఎవరైనా ఉన్నారా?"

నేను వెళ్ళి నిలబడ్డాను.

"ఆ చోట నీళ్ళు ఎవరు పంచుతారు?"

"నేనేనండి."

"తగాదాలు ఎవరు తీరుస్తారు?"

"చాలామటుకు నేనేనండి. పెట్టేది అధ్యక్షులవారు."

కిటికీల దగ్గర నవ్వులు. బాబాయి నవ్వలేదు.

"ఈ పదకొండేళ్ళలో తూర్పులంక అక్కడ ఏదైనా పాలించిందా? ఒక అధికారి వచ్చారా, ఒక ఆజ్ఞ అమలైందా?"

"ఉత్తరాలు వచ్చేవండి, వాసన గురించి. మనిషి రావడం ఈవిడ ఒక్కరే."

న్యాయమూర్తి అరగంట రాసుకున్నారు. ఆ అరగంటా నేను వదిన వీపు చూస్తూ కూచున్నాను. మూడేళ్ళు. ఆవిడకి యాభై ఎనిమిది.

తీర్పు చదివారు. "తమ చోటు, తమ జనం, తమ పాలన ఉండి, మరొకరి ఆజ్ఞ చెల్లని చోటుని మ్యాపులో గీత గీసి మనదనుకోలేం. నవంబరు మూడున ముద్దాయి ప్రవేశించినది మెరక అనే విదేశం. నేరం రుజువైంది. ఆమె వెళ్ళిన కారణం ముప్పై ఒక్క ప్రాణాలు. శిక్ష: కోర్టు లేచేదాకా నిర్బంధం. నిబంధన ప్రకారం ఉద్యోగం పోతుంది, దానికి నేనేమీ చెయ్యలేను." కాగితం మడిచారు. "కోర్టు లేస్తోంది." లేచారు.

అదీ ఆవిడ జైలు. కాగితం మడిచి లేచేంత సేపు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బాబాయి కిటికీ దగ్గర బొమ్మలా నిలబడి ఉన్నాడు. వదిన బయటికొచ్చి, "ఉద్యోగం పోయిందే," అని నవ్వబోయి, నా భుజం మీద తలపెట్టి ఏడ్చింది. ముప్పై ఏళ్ళ ఉద్యోగం. ఆ ఏడుపు ముందు నేనేం చెప్పినా చిన్నదే.

నవంబరు 17. గాలి ఈశాన్యం. రిజిస్ట్రీ నుంచి వైర్‌లెస్: తీర్పు నకలు అందింది, పొరుగు దేశం గుర్తించినట్టే లెక్క, ఆరు గొలుసులు ఓడ ఎక్కాయి.

ఇంకో కబురు కూడా ఉంది. అప్పలస్వామి నోటీసు అంటించాడు. కోర్టు మెరకని విదేశమంది కాబట్టి, మేం మూడు వందల ఎనభై ఆరుగురం వీసా లేకుండా తూర్పులంక రేవులో ఉన్న విదేశీయులం. మూడు రోజుల్లో ప్రతి ఒక్కరూ పాస్‌పోర్టు చూపించి ముద్ర వేయించుకోవాలి.

మాకు పాస్‌పోర్టులు లేవు. ఇంతవరకు ఎవరూ అడగలేదు కదా. నా గదిలో కూచుని రాయడం మొదలుపెట్టాను. మధ్యాహ్నానికి మాణిక్యం వదిన వచ్చి, నా దస్తూరీ చూసి, "ఇది చూస్తే ఎవరైనా సరిహద్దు దగ్గరే ఆపేస్తారు," అని పెన్ను లాక్కుంది. ఇద్దరం పక్కపక్కన కూచుని రాస్తున్నాం, ఇది మూడు రోజుల పని.

నవంబరు 20. గాలి మోస్తరు.

రేవులో బల్ల వేసుకుని అప్పలస్వామి స్వయంగా కూచున్నాడు. మరొకరికి అప్పగిస్తే మెత్తగా ఉంటారని అనుమానం. వరసలో మొదట సింహాద్రి బాబాయి, ఇస్త్రీ చొక్కాతో.

"దేశం?" అన్నాడు అప్పలస్వామి, పుస్తకంలోకి చూస్తూ.

"మెరక."

అప్పలస్వామి రాశాడు. రాసిన దాన్ని ఒకసారి చూసుకున్నాడు. ఇంకా మూడు వందల ఎనభై ఐదుసార్లు రాయాలి.

"వచ్చిన కారణం?"

"తుఫాను."

"ఎన్నాళ్ళుంటారు?"

"గొలుసులు దిగేదాకా." బాబాయి పాస్‌పోర్టు అందుకున్నాడు. ముద్ర తడి ఆరేదాకా ఊదుకుంటూ అక్కడే నిలబడ్డాడు. వెనక వాళ్ళు తొందరపెడుతున్నా కదల్లేదు.

"అప్పలస్వామీ," అన్నాడు చివరికి, "టగ్గు పంపావు. నువ్వు పంపకపోతే ఈ ముద్ర వేయించుకోడానికి నేనుండేవాణ్ణి కాదు."

అప్పలస్వామి తలెత్తలేదు. పెన్ను మాత్రం ఆగింది. కాసేపటికి, "తర్వాతివాళ్ళు," అన్నాడు. తర్వాతిదాన్ని నేనే. నా పాస్‌పోర్టు తెరిచి, దేశం పేరు అడక్కుండానే రాసేశాడు.